ముప్ఫై రెండు బూట్ల కణ విభజన

మొన్న ఒక కొత్త టీచరమ్మ ఫోన్ చేసింది. "మేడం, మీరు కణ విభజన పాఠం బ్రహ్మాండంగా చెప్పేవారటగా! ఎలా చెప్పేవారో కాస్త చెప్పండి" అని. బ్రహ్మాండంగా చెప్పిన మాట నిజమే. కానీ అందులో ఒక నెల రోజులు తప్పు చెప్పా. ఆ తప్పుని కూడా బ్రహ్మాండంగానే చెప్పా. అంతటితో ఊరుకోకుండా నలభై మంది టీచర్లని కూర్చోబెట్టి వాళ్ళకీ నేర్పించా. ఫోన్లో చెప్పే కథ కాదు గనక ఇక్కడ రాస్తున్నా. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీరంతా చదువుకుని, మీ హెడ్మాస్టర్లకి కనపడకుండా దాచుకోండి.

నా మోకాళ్ళు నాకంటే ముందే రిటైర్మెంట్ కాగితాలు పెట్టేయడంతో, యాభై మూడేళ్ళకే నేనూ వాటి వెంట ఇంటికొచ్చేశా. అంతకుముందు మా కాపురం జగ్గయ్యపేటలో, నా హైస్కూలు నందిగామ దారిలో హైవే దిగి లోపలికి వెళ్ళే ఒక ఊళ్ళో. బస్సు, దాని తర్వాత షేర్ ఆటో. దారి పొడుగునా సిమెంటు లారీలు. స్కూలు గేటు దగ్గర దిగేసరికి నేను కట్టుకున్న చీర ఏ రంగుదో నాకే గుర్తుండేది కాదు. మా లెక్కల మాస్టారైతే ఆ ఆటోలో ఇంకో పదేళ్ళు తిరిగితే మనల్ని విగ్రహాలుగా కూడళ్ళలో పెట్టేయొచ్చు అనేవారు.

స్కూల్లో ల్యాబ్ ఉంది. ల్యాబ్ అంటే ఒక బీరువా. బీరువాలో ఒక మైక్రోస్కోపు. దానికి నాకంటే సర్వీసు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులు కూడా ఎక్కువే. పైకి తిప్పితే కిందికి, కిందికి తిప్పితే పక్కకి వెళ్ళేది. తొమ్మిదో తరగతిలో కణ విభజన పాఠం రాగానే నేను దాన్ని బయటికి తీసేదాన్ని. గ్లాసులో నీళ్ళు పోసి, ఉల్లిపాయ అడుగు నీటికి తగిలేలా పెడితే మూడు నాలుగు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఆ వేరు కొస కత్తిరించి, రంగు పట్టించి, గాజు పలక మీద పెట్టి బొటనవేలితో నొక్కితే విడిపోతున్న కణాలు కనపడతాయి. నాకు కనపడ్డాయి. పిల్లలు ముప్ఫై నాలుగు మంది.

"ఏం కనపడిందిరా?" అన్నా మొదటి వాణ్ణి.

"వెంట్రుకలండి."

"ఉల్లిపాయకి వెంట్రుకలేంట్రా?"

"ఉల్లిపాయవి కాదండి. నా కనురెప్పవేనండి."

రెండో వాడికి చీకటి కనపడింది. మూడో అమ్మాయికి అంతా గులాబీ రంగులో చాలా బాగుందట, వాళ్ళ అక్క పెళ్ళి పందిరిలాగా. ఆ వారం స్లిప్ టెస్టులో ఒకడు "కణం కొంతకాలానికి విసుగొచ్చి రెండవుతుంది" అని రాశాడు. తప్పని కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు. కాసేపు ఆలోచించి అరమార్కు వేశా.

ఆ రోజుల్లోనే వరండాలో ఉన్న బూట్లు నా కంట పడ్డాయి. ప్రభుత్వం వారు పిల్లలందరికీ బ్యాగులతో పాటు ఒకే రకం నల్ల బూట్లు ఇచ్చారు. మా పిల్లలు వాటిని దేవుడి గది బయట విడిచినట్టు క్లాసు బయట వరసగా విడిచి లోపలికొచ్చేవాళ్ళు. ఒక మధ్యాహ్నం ఆ వరస చూస్తుంటే నాకు జ్ఞానోదయమైంది. జత! రెండూ పక్కపక్కన అంటుకుని ఉన్నాయి! విభజనకి ముందు క్రోమోజోమ్ కూడా ఇంతేగా, రెండు పోగులు నడుము దగ్గర అంటుకుని ఉంటాయి, తర్వాత చెరో వైపుకీ వెళ్ళిపోతాయి. ఒక జత తెచ్చి బల్ల మీద పెట్టి, లేసులు ముడేసి, చెరో వైపుకీ లాగి చూపించా. పిల్లలు నోళ్ళు తెరిచారు. నేనైతే మూయడమే మర్చిపోయా.

సరిగ్గా అప్పుడే నందిగామలో బయాలజీ టీచర్ల మీటింగు. అక్కడా బల్ల మీద ఒక జత బూట్లు పెట్టి లాగా. నలభై మంది చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న అధికారి అందరికంటే గట్టిగా కొట్టారు. ఆ చప్పట్లకి నందిగామ బస్టాండులో పావురాలు లేచిపోయి కంచికచర్లలో వాలాయని నా అనుమానం.

ఇప్పుడు మా హెడ్మాస్టరు గారి గురించి చెప్పాలి. ఆయన చాలా మంచివారు. ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా, మళ్ళీ చెప్పే సందర్భం రాకపోవచ్చు. కొత్తగా బదిలీ మీద వచ్చారు. ఆయనకి ప్రశ్నల బ్యాంకు అంటే ప్రాణం. జిరాక్సు తీయించి, తాడుతో కట్టి, టేబుల్ మీద చంటిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టుకునేవారు. ఒకరోజు నన్ను పిలిచారు.

"మేడం గారూ, మీ క్లాసులో ఉల్లిపాయలు, బూట్లు ఉంటున్నాయంట. పుస్తకాలు ఏమన్నా ఉంటున్నాయాండీ?"

"ఉంటున్నాయండి. బల్ల తడవకుండా ఉల్లిపాయ గ్లాసుల కింద పెడుతున్నాం."

ఆయన నవ్వలేదు. "గురువారం తనిఖీ ఉంది. మీ తొమ్మిదో తరగతే చూపిస్తా. పిల్లలు బాగా చెబితే మీ ఇష్టం, బూట్లే తెచ్చుకోండి, టోపీలే తెచ్చుకోండి. చెప్పలేకపోయారనుకోండి, శుక్రవారం నుంచి ఈ కట్టలో ప్రశ్నలూ జవాబులూ మీరు చెప్పడం, వాళ్ళు రాసుకోవడం. ఆటలు బంద్. సరేనాండీ?"

సరేనన్నా. బయటికొచ్చాక భయమేసింది. పిల్లల భవిష్యత్తు కోసం భయపడ్డానని రాస్తే బాగుంటుంది గానీ, అబద్ధం. నా కోసమే భయపడ్డా. ప్రశ్న చెప్పి, జవాబు చెప్పి, ఫుల్‌స్టాప్ కూడా చెప్పే ఉద్యోగం నాకిస్తే ఆర్నెల్లలో నేను గోడకి కొట్టిన మేకునైపోతా. ఎవరైనా వచ్చి క్యాలెండరు తగిలించి పోతారు.

అందుకని ఈసారి బల్ల మీద ఒక జత కాదు, గ్రౌండులో మొత్తం కణాన్నే చూపించాలనుకున్నా. మా డ్రిల్లు మాస్టారు సాయానికొచ్చారు. కబడ్డీ కోర్టు గీసే సున్నంతో ఆయన గీసిన కణం అంత పెద్ద కణం ఏ ఏనుగులోనూ ఉండదు. సోమవారం ఆఖరి పీరియడ్ రిహార్సల్. ఉల్లిపాయకి పదహారు క్రోమోజోములు కాబట్టి పదహారు జతల బూట్లు, లేసులతో జారుముడి వేసి కణం నడిమధ్యన వరసగా పేర్చాం. ప్రతి బూటుకీ ఒక పురికొస. ఎడమ బూట్ల పురికొసలు తూర్పు జట్టుకి, కుడి బూట్లవి పడమటి జట్టుకి. డ్రిల్లు మాస్టారు ఈల వేశారు. ముప్ఫై రెండు బూట్లు దుమ్ము రేపుకుంటూ విడిపోయి రెండు కొసలకీ పరుగెత్తాయి. కేకలు, చప్పట్లు. నేను దండం పెట్టడానికి చేతులు సగం దాకా ఎత్తా.

"మేడం."

మూడో బెంచీ చివర కూర్చునే అమ్మాయి. వాళ్ళమ్మ కోదాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ మిరపచేలల్లో పనికి వెళ్తుంది. ఈ పిల్ల ప్రతి మాటనీ రెండుసార్లు తూకం వేసుకుని గానీ బయటికి వదలదు.

"ఏంటమ్మా?"

"మా తూర్పు కణంలో అన్నీ ఎడమకాలివే వచ్చినయండి."

"వస్తే?"

"ఆ పక్క అన్నీ కుడికాలివేనండి."

"అవును, అయితే ఏంటి?"

"పుట్టిన రెండు కణాలూ అచ్చం ఒకేలా ఉంటాయని మీరే చెప్పారు కదండి. ఇవి ఒకేలా ఎక్కడున్నయండి?"

హైవే మీద లారీలు కూడా ఆగి వింటున్నాయేమో అనిపించింది. నేను తూర్పుకేసి చూశా. పదహారు ఎడమలు. పడమటికేసి చూశా. పదహారు కుడులు. బల్ల మీద ఒక్క జత ఉన్నప్పుడు నాకు గానీ, నందిగామలో నలభై మందికి గానీ తట్టని సంగతి ఈ పిల్లకి ఒక్క చూపులో తట్టింది. ఎడమా కుడీ ఒకటి కాదు మరి. అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంటాయి. విడిపోయే రెండు పోగులూ మాత్రం ఒకదానికి ఒకటి నకలై ఉండాలి.

డ్రిల్లు మాస్టారు ఈల నోట్లోంచి తీసి మెల్లగా అన్నారు. "అమ్మాయి కరెక్టే మేడం గారూ. ఇది విభజన కాదు. విడాకులు."

ఇలాంటప్పుడు అనాదిగా టీచర్లు వాడే మంత్రం ఒకటుంది. "మంచి ప్రశ్న. రేపు చెబుతా." అదే చదివి బస్సెక్కేశా.

రాత్రి భోజనాలు కాకముందే ఇంట్లో ఉన్న చెప్పులన్నీ హాల్లో పరిచి అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నా. మావారు వచ్చి కాసేపు చూసి, "నాకు దండ గుచ్చుతున్నావా ఏంటి? ఈ వారంలో నేనేం చేశానే?" అన్నారు. ఆయనకి కణ విభజన వివరించబోయా. ఆయన చెప్పులు తీసుకుని పక్కింటికి వెళ్ళిపోయారు. నాకేమీ తట్టలేదు. మంగళవారం పొద్దున బూట్ల కార్యక్రమం రద్దు చేసి, మళ్ళీ ఉల్లిపాయనే నమ్ముకుందామని నిర్ణయించుకుని స్కూలుకెళ్ళా.

గేటు దగ్గర ఆ అమ్మాయి నిలబడి ఉంది. పక్కనే వాళ్ళ బెంచీలో పిల్ల. ఇద్దరూ ఉత్తి కాళ్ళతో ఉన్నారు. ఎడమ బూట్లు రెండూ కలిపి ఒక ముడి. కుడి బూట్లు రెండూ కలిపి ఇంకో ముడి.

"మా ఇద్దరిదీ ఒకటే సైజండి" అంది.

అంతే అంది. మిగతాదంతా నా బుర్రలో టపాసుల్లా పేలింది. ఎడమకి ఇంకో ఎడమ: అసలు, నకలు. కుడికి ఇంకో కుడి: అసలు, నకలు. లాగితే చెరో వైపుకీ ఒక ఎడమ వెళ్తుంది, చెరో వైపుకీ ఒక కుడి వెళ్తుంది. రెండు చోట్లా నిండు జత! ఉల్లిపాయ పదహారు క్రోమోజోములూ ఎనిమిది జతలేగా. ఒకే సైజున్న పిల్లలు ఇద్దరేసి చొప్పున ఎనిమిది జోడీలు, పదహారు మంది, ముప్ఫై రెండు బూట్లు. ఒక్కటి కూడా అటూ ఇటూ కాకుండా సరిపోయింది. బూట్లు తయారు చేసినవాళ్ళకి కూడా తెలియదు వాళ్ళు ఎంత గొప్ప పని చేశారో.

ఆ అమ్మాయిని అక్కడే ఎత్తుకుని తిప్పుదామనుకున్నా. మోకాళ్ళు వద్దన్నాయి.

ఆ రెండు రోజులూ క్లాసులో చదువు లేదు, సంబంధాలు చూడటమే. "నీది ఐదా? వాడిది ఐదున్నరరా, కుదరదు." ఏడాదిగా మాటల్లేని ఇద్దరు మొగపిల్లలకి ఒకే సైజు వచ్చింది. ముక్కులు మూసుకుని మరీ బూట్లు ముడేసుకున్నారు. ఒకడి బూటు ముందు చిరిగి బొటనవేలు బయటికి చూస్తోంది. "నకల్లో తప్పు దొర్లిందిరా వీడికి" అని అందరూ వాణ్ణి ఆడుకున్నారు. నేను నేర్పకుండానే అంత మాట అన్నారంటే పాఠం ఎక్కిందని నాకు నమ్మకం కుదిరింది.

గురువారం వచ్చింది. జీపు వచ్చింది. దిగిన అధికారిని చూడగానే నా గుండె జారి డ్రిల్లు మాస్టారి సున్నం గీత మీద పడింది. నందిగామలో ముందు వరసలో చప్పట్లు కొట్టినాయనే!

ఆయన మహా సంబరంగా ఉన్నారు. "ఏమండీ హెడ్మాస్టరు గారూ, మీ మేడం బూట్ల పాఠం నేను ఎన్ని స్కూళ్ళలో చెప్పానో తెలుసా? ఎడమది అటు, కుడిది ఇటు, ఆహా! అదే చూద్దామని వచ్చా. కానివ్వండి మేడం."

హెడ్మాస్టరు గారి మొహం పున్నమి చంద్రుడిలా వెలిగింది. నా మొహం ఆ చంద్రుడికి గ్రహణంలా తయారైంది. పక్కకి వచ్చి గొంతు తగ్గించి చెప్పా. "సార్, అది తప్పండి. మేం మార్చాం."

"తప్పా? ఆయనకి నచ్చింది కదండీ?"

"నచ్చిన మాట నిజమే, తప్పన్న మాటా నిజమేనండి."

"మేడం గారూ, మీకు దండం పెడతా. ఈ ఒక్క రోజుకి ఆయన అడిగిందే చూపించండి. రేపటి నుంచి మీ బూట్లకి నేను అడ్డం రాను. మాటిస్తున్నా."

చూడండి, నేను కోరుకున్నది అదే. చేతికి అందించారు. ముడులు విప్పి పాత పద్ధతిలో కట్టడానికి ఐదు నిమిషాలు చాలు. అధికారికి తెలియదు, హెడ్మాస్టరు గారికి అక్కర్లేదు. తెలిసినవాళ్ళు ముప్ఫై నాలుగు మంది పిల్లలే. వాళ్ళు చెప్పిన మాట వింటారు కూడా. నోరు తెరిచి "ముడులు విప్పండ్రా" అనబోయా. గీత దగ్గర పురికొస పట్టుకుని ఆ అమ్మాయి నాకేసి చూస్తోంది. కోపం లేదు, నిష్ఠూరం లేదు. ఎటు లాగాలో చెబితే లాగుదామని చూస్తోంది, అంతే. అదే నన్ను చంపేసింది.

"సార్" అన్నా, అవసరమైన దానికంటే గట్టిగా. "ఆ రోజు నందిగామలో నేను చెప్పింది తప్పండి."

అధికారి నవ్వు సగంలో ఆగింది. హెడ్మాస్టరు గారు కళ్ళు మూసుకున్నారు.

"తప్పా? మరి అందరం చప్పట్లు కొట్టాం కదండీ?"

"మీరంతా కొట్టారు కాబట్టే నేనూ నమ్మేశానండి."

"ఎవరు చెప్పారు తప్పని?"

"ఈ అమ్మాయండి."

ఆయన ఆ అమ్మాయి దగ్గరికి నడిచారు. "ఏమ్మా, ఏంటి తప్పు?"

ఆ పిల్ల అలవాటు ప్రకారం రెండుసార్లు తూకం వేసింది. ఆ రెండు క్షణాల్లో నా సర్వీసంతా నా కళ్ళ ముందు నుంచి ఒక చుట్టు తిరిగొచ్చింది. "చెప్పడం కంటే లాగి చూపిస్తే బాగుంటదండి" అంది చివరికి.

ఈల మోగింది. లాగారు. పదిహేను ముడులు చక్కగా జారి విడిపోయాయి. పదహారోది మాటల్లేని ఆ ఇద్దరి ఎడమ బూట్లది. ముక్కులు మూసుకుని కట్టినవాళ్ళు జారుముడి ఎక్కడ వేస్తారు? మొండిముడి వేశారు. పడమటి వైపు పురికొస పుటుక్కున తెగి, ఎడమ బూట్లు రెండూ కలిసికట్టుగా తూర్పుకి వెళ్ళిపోయాయి. హెడ్మాస్టరు గారు అప్పుడే కళ్ళు తెరిచి, చూసి, మళ్ళీ మూసుకున్నారు.

"ఆగండి!" అని ఆ అమ్మాయే అరిచింది. లెక్కపెట్టింది. "ఇటు పదిహేడు, అటు పదిహేనండి."

"అయితే ఏమవుద్ది?" అన్నారు అధికారి.

అటు నుంచి ఒకడు అందుకున్నాడు. "రెండు కణాలూ తేడానేనండి. దానికి ఒకటి ఎక్కువ, మాకు ఒకటి తక్కువ. బతకడం కష్టమండి."

"బతికినా జబ్బు చేయొచ్చండి" అంది పెళ్ళి పందిరి చూసిన పిల్ల.

"నిజం కణంలో కూడా ఇలా ముడి ఊడకుండా ఉంటదా మేడం?" అంది మా అమ్మాయి, అధికారి ఉన్న సంగతే మర్చిపోయి.

"అరుదుగా ఉంటుందమ్మా. అన్నీ సరిగ్గా కట్టుకున్నాయా లేదా అని చూసుకునే ఏర్పాటు కణంలో ఉంటుంది. అది కూడా ఒక్కోసారి ఏమరుపాటు పడుద్ది."

"అయితే మనం చూసుకోలేదండి" అని, ఆ ఇద్దరు మొగపిల్లలకేసి తిరిగింది. "ఒరేయ్, ముక్కు వదిలి కట్టండ్రా!"

మళ్ళీ పేర్చారు. ఈసారి ప్రతి ముడినీ తనే వంగి చూసింది. ఈల. దుమ్ము. అటు ఎనిమిది ఎడమలు, ఎనిమిది కుడులు. ఇటు ఎనిమిది ఎడమలు, ఎనిమిది కుడులు. అధికారి తూర్పుకి వెళ్ళి స్వయంగా లెక్కపెట్టారు, పడమటికి వెళ్ళి లెక్కపెట్టారు. తర్వాత కణం నడిమధ్యలో నిలబడి చాలాసేపు గడ్డం నిమురుకున్నారు.

"మేడం, నేను పదకొండు స్కూళ్ళలో తప్పు చెప్పానన్నమాట."

"పదకొండేనా అండి? నేను నలభై మందికి చెప్పా. వాళ్ళు ఎన్ని స్కూళ్ళలో చెప్పారో నాకు లెక్క తెలియదు."

ఆయన పగలబడి నవ్వారు. అంత పెద్ద అధికారి అంత పెద్ద నవ్వు నవ్వుతారని మా సిలబస్‌లో లేదు. నెలలోపే నందిగామలో మళ్ళీ మీటింగు పెట్టించారు. నేను వేదిక ఎక్కలేదు, ఆ అమ్మాయిని ఎక్కించా. మిరపచేను పని మానుకుని వాళ్ళమ్మ కూడా వచ్చి వెనక వరసలో కూర్చుంది. "మా మేడం చెప్పింది తప్పండి" అని మైకులో ఆ పిల్ల మొదలుపెట్టగానే వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని, "గట్ల అనొచ్చా మేడం?" అని కంగారు పడింది. "అనాలమ్మా" అని నేనే అందరికంటే ముందు చప్పట్లు కొట్టా.

కానీ అది తర్వాత. గురువారం సాయంత్రం సంగతి మిగిలింది. జీపు వెళ్ళిపోయింది. హెడ్మాస్టరు గారు నేరుగా తన గదిలోకి వెళ్ళిపోయారు. ఆయన అడిగింది నేను చేయలేదు, ఆయన మాట నేను తీసుకోలేదు. మొదట పెట్టిన షరతు ప్రకారం పిల్లలు బాగానే చెప్పారు గానీ, మొదటిసారి ముడి ఊడని సంగతి ఆయన ఏ ఖాతాలో వేసుకుంటారో తెలియదు. శుక్రవారం ఆఖరి పీరియడ్‌కి ప్రశ్నల కట్ట మోయడానికి సిద్ధపడి, సుద్దముక్కలు కూడా తీసుకోకుండా తొమ్మిదో తరగతికి వెళ్ళా.

క్లాసు ఖాళీ. అందరూ గ్రౌండులో ఉన్నారు. డ్రిల్లు మాస్టారు పాత గీత మీద కొత్త సున్నం పోస్తున్నారు. మెట్ల మీద హెడ్మాస్టరు గారు కూర్చుని, చొక్కా చేతులు పైకి మడిచి, వంగి తన బూట్ల లేసులు విప్పుకుంటున్నారు. నన్ను చూసి తలెత్తకుండానే అన్నారు.

"నాది తొమ్మిది సైజు మేడం గారూ. పొద్దుట్నుంచీ అడుగుతున్నా, స్కూల్లో నాకు జోడీ ఒక్కడూ దొరకట్లేదు. మీవారిది ఎంత?"